డర్ట్ బైకు పనులు: ఇంట్లో ఏవి, పంచర్ షాపులో ఏవి, షోరూముకి ఏవి?

విజయనగరంలో బండి పనికి చోటు కొదవలేదు. ఏ రోడ్డు పట్టుకున్నా నాలుగడుగులకో మెకానిక్ షెడ్డు, దాని పక్కనే పాత టైరు వేలాడదీసిన పంచర్ బడ్డీ. స్ప్లెండరో ప్లాటినావో అయితే తాళాలు అక్కడ పడేసి టీ తాగి రావచ్చు. చిక్కల్లా మట్టి దారుల్లోనూ తిరిగే ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి బళ్లతోనే. ముందు చక్రం 21 అంగుళాలు, చువ్వల రిమ్ము, లోపల ట్యూబు. ఇప్పుడు వచ్చే బళ్లలో చాలావాటికి 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. పంచరంటే పుల్ల గుచ్చి పది నిమిషాల్లో పంపేయడం అలవాటైన కుర్రాడికి ఆ ముందు చక్రం చూపిస్తే, "ఇదేటి బాబూ, సైకిల్ సక్రం లాగ ఇంత పొడుగున్నాది?" అని ఓ నవ్వు నవ్వి, లారీ టైర్లు విప్పే ఇనుప రాడ్డు బయటికి తీస్తాడు. ఆ రాడ్డు చూశాకే చాలామందికి ఇంట్లో చేసుకుందామా అన్న ఆలోచన పుడుతుంది.

అలాగని అన్నీ ఇంట్లోనే చేసుకోమని నేను చెప్పను. నా లెక్క ఇలా ఉంటుంది. తరచుగా వచ్చే మురికి పనులు, అంటే ఎయిర్ ఫిల్టరు, చైను, ఆయిలు, చువ్వలు చూసుకోవడం, ఇవన్నీ ఇంట్లోనే. చక్రం విప్పడం, బిగించడం కూడా ఇంట్లోనే. టైరు మార్చడం మాత్రం నేర్చుకోవాల్సిన విద్య, దానికి మధ్యేమార్గం ఒకటుంది. ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షను గొట్టాలు), రిమ్ము వంకర తీయడం, ఇంజను లోపలి పనులు తెలిసిన మేస్త్రీకి. వారంటీ ఉన్నన్నాళ్లు షెడ్యూలు సర్వీసులు షోరూములో. డబ్బు మిగులుతుందన్నది ఈ పంపకంలో చిన్న కారణమే. జీడితోట మధ్యలో టైరు దిగిపోయినప్పుడు చేతకావడం పెద్ద కారణం.

మీ బండిని బట్టి

ఎక్స్‌పల్స్ 200 అయితే ముందు 90/90-21, వెనక 120/80-18. పాత హిమాలయన్ 411కి ముందు అదే సైజు, వెనక 120/90-17. ఈ రెంటికీ ట్యూబులే. 2024లో హిమాలయన్ 450కి ట్యూబ్‌లెస్ చువ్వల చక్రాలు కూడా వచ్చాయి. అవి ఉన్నవాళ్లకి దారిలో పుల్లల కిట్టు, చిన్న పంపు సరిపోతాయి, టైరు విప్పే బెడద దాదాపు లేనట్టే.

కవాసకి కేఎల్ఎక్స్ 140 లాంటి అసలు సిసలు డర్ట్ బైకు వేరే జాతి. దాన్ని రోడ్డు మీద నడపడానికి లేదు, ఆటోలోనో ట్రాలీలోనో ఎక్కించుకుని వెళ్లాలి. అలాంటప్పుడు ప్రతి చిన్న పనికీ బండిని షెడ్డుకి మోయడం కంటే పనిముట్లు కొనుక్కోవడమే చవక. పోటీల్లో తిరిగే బళ్లకి సర్వీసు గడువులు కిలోమీటర్లలో కాకుండా ఇంజను తిరిగిన గంటల్లో లెక్క వేస్తారు కాబట్టి పని కూడా ఎక్కువే. అది కొన్నవాళ్లు ఇంటి పని నేర్చుకోక తప్పదు.

ఇక పాత స్ప్లెండరుకి బటన్ టైర్లు వేయించి పొలాల గట్ల మీద తిప్పే కుర్రాళ్లున్నారు. వాళ్లు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు. 18 అంగుళాల ట్యూబు ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది, పంచర్ వేసే చెయ్యి కూడా.

బండి కొత్తదైతే ఒక జాగ్రత్త. వారంటీ కార్డులో షెడ్యూలు సర్వీసులు కంపెనీ సర్వీసు సెంటర్లోనే జరగాలని ఉంటుంది. ఫ్రీ సర్వీసులు వదులుకుని ఇంట్లో ఆయిలు మార్చుకుంటే, రేపు ఇంజనులో ఏదైనా వస్తే అడిగే హక్కు పోతుంది. చైను, ఫిల్టరు శుభ్రం చేసుకోవడానికి, పంచర్ వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మన దారులు బండికి చేసేది

తాటిపూడి వైపు, ఎస్.కోట చుట్టుపక్కల ఎర్రమట్టి దారులు వేసవిలో పొడి పొడిగా లేస్తాయి. ముందు బండి వెనకాల అరగంట నడిస్తే ఎయిర్ ఫిల్టరు మీద ఎర్రటి పొర కడుతుంది. ఉద్దానం వైపు వెళ్తే ఇసుక నేల, జీడితోటలు, ఈతముళ్లు. టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీల దారుల్లో రాయి అంచు కత్తిలా ఉంటుంది. పూసపాటిరేగ మండలంలో చింతపల్లి తీరమో, శ్రీకాకుళం జిల్లాలో బారువ, భావనపాడో వెళ్లొస్తే ఉప్పుగాలి చువ్వల మొదళ్లలో తుప్పు పట్టిస్తుంది. వానల్లో దమ్ము పట్టిన మడి పక్క గట్టు మీద వెళ్తే చైను, స్ప్రాకెట్ల మధ్య బురద రాయిలా గట్టిపడుతుంది.

అందుకే షోరూము సర్వీసు గడువు మన వాడకానికి సరిపోదు. ఆ గడువులు రోడ్డు మీద తిరిగే బండికి వేసినవి. మట్టిలో తిరిగిన ప్రతిసారీ ఫిల్టరు, చైను చూసుకోవాలి. వారానికోసారి వాటి కోసం షెడ్డు దగ్గర గంట కూర్చోవడం ఎవరికి కుదురుతుంది?

ఇంట్లోనే చేసుకోవాల్సినవి

ఎయిర్ ఫిల్టరు ముందు. నురుగు ఫిల్టరు, అంటే స్పాంజిలా ఉండేదైతే, కిరోసిన్‌లో ముంచి నొక్కి, తర్వాత సబ్బు నీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, ఫిల్టరు ఆయిలు పట్టించి పెట్టాలి. బట్టలు పిండినట్టు మెలిపెట్టకూడదు, చిరుగుతుంది. పెట్రోలుతో కడగడం వద్దు. అతుకులు ఊడతాయి, పైగా వంటింటి పక్కన పెట్రోలు తొట్టె పెట్టుకోవడం ఏం తెలివి? ఆయిలు పట్టించిన కాగితపు ఫిల్టరైతే కడగడం లేదు, కంప్రెసరుతో గాలి కొట్టడం అంతకంటే లేదు. షెడ్డులో చాలామంది బుస్సుమని గాలి కొట్టి మళ్లీ పెట్టేస్తారు. దాంతో కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడి, దుమ్ము నేరుగా ఇంజనులోకి పోతుంది. దాన్ని మార్చడమే దారి. ఫిల్టరు ఇంట్లో చూసుకోమనడానికి ఇదే నా మొదటి కారణం: చేసేవాడికి ఓపిక ఉండాలి, అది అద్దెకు దొరకదు.

చైను సంగతి. డీజిలు లేదా కిరోసిన్, పాత పళ్ల బ్రష్షు, గుడ్డ. ఓ-రింగు చైనుకి పెట్రోలు వాడితే రబ్బరు రింగులు పాడవుతాయి, ఇనుప బ్రష్షు వాడితే తెగుతాయి. ఆరాక 90 గేరు ఆయిలు పల్చగా రాసినా చాలు, స్ప్రే ల్యూబు కొన్నా సరే. దుమ్ము దారుల్లో నేను స్ప్రే వైపే మొగ్గుతాను, గేరు ఆయిలుకి దుమ్ము ఎక్కువ పడుతుంది. వానాకాలంలో గేరు ఆయిలే నిలుస్తుంది. ఇంజను నుంచి తీసిన నల్ల ఆయిలు చైనుకి పూయడం మన వైపు మామూలే. అందులో ఇనుప పొడి ఉంటుంది, అది చైనుని గీరుతుంది. ఆ పని మానేయండి.

చైను బిగువు గురించి ఒక్క మాట, ఎందుకంటే షెడ్డుల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే. ఈ బళ్లకి వెనక సస్పెన్షను ప్రయాణం ఎక్కువ. బండి దిగినప్పుడు చైను కాస్త వదులుగా కనిపించాలి. మీరు కూర్చుని సస్పెన్షను కిందికి దిగినప్పుడు అది బిగుసుకుంటుంది. స్ప్లెండరు లెక్కన టకటకా బిగించేస్తే, గుంతలో పడినప్పుడు చైను తీగలా లాగి గేర్‌బాక్సు బేరింగు మీద భారం వేస్తుంది. మాన్యువల్లో ఇచ్చిన కొలత చూడండి, ఎక్కడ కొలవాలో కూడా అందులోనే ఉంటుంది. వెనక ఇరుసు దగ్గర రెండు వైపులా ఉన్న గీతలు సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఆయిలు మార్చడం వారంటీ దాటిన బండికి ఇంట్లో హాయిగా అయ్యే పని. జాసో ఎంఏ2 అని డబ్బా మీద ఉండాలి. బండి క్లచ్చు ఆయిల్లోనే మునిగి ఉంటుంది కాబట్టి కారు ఆయిలు పోస్తే క్లచ్చు జారే ప్రమాదం ఉంది. ఇంజను కాస్త వేడెక్కాక తీస్తే మురికంతా దిగుతుంది. కింద బోల్టు వాషరు కొత్తది వేయాలి. అరిగిన వాషరుతో ఆయిలు చెమ్మ కారుతూనే ఉంటుంది, దాన్ని ఆపుదామని బోల్టు ఇంకా బిగిస్తే ఇంజను కేసు మర పోతుంది. పాత ఆయిలు డబ్బాలో పట్టి, పాత ఆయిలు కొనేవాళ్లకి చేరే షెడ్డులో ఇచ్చేయండి. కాలవలోకి కాదు.

కడగడం కూడా ఇంట్లోనే మంచిది. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషరు గొట్టం పట్టుకున్న కుర్రాడికి చక్రం బేరింగు, స్వింగ్ ఆర్మ్ కీలు, రేడియేటరు అన్నీ ఒకటే. గ్రీజు కొట్టుకుపోయి నీళ్లు మిగులుతాయి. తోట పైపు, బకెట్టు, పాత చీపురు చాలు. సముద్రం వైపు వెళ్లొచ్చిన రోజు మాత్రం చీకటి పడినా సరే మంచినీళ్లతో కడిగే పడుకోండి.

టైరు: మూడు దారులు

మొదటిది, బండి తీసుకెళ్లి పంచర్ షాపులో ఇచ్చేయడం. ఖర్చు వందా నూట యాభై, పని గంట. చిక్కు ఏమిటంటే చాలా షాపుల్లో ఉండే రాడ్లు లారీ, ట్రాక్టరు టైర్లకి చేసినవి. అల్యూమినియం రిమ్ము అంచు గీరుకుంటుంది. బ్రేకు డిస్కు కిందికి పెట్టి చక్రం నేల మీద పడుకోబెడితే డిస్కు వంగుతుంది. చువ్వల చక్రం రోజూ విప్పే పెద్ద మేస్త్రీ, పాత బుల్లెట్లు చేసిన చెయ్యి దొరికితే మాత్రం ఇంతకంటే సుఖమైన దారి లేదు. అలాంటాయన దొరికితే వదలకండి.

రెండోది నేను మధ్యేమార్గం అన్నది. చక్రం ఇంట్లో విప్పి, చక్రాన్ని మాత్రమే షాపుకి పట్టుకెళ్లడం. మీ లివర్లు మీరే పట్టుకెళ్లండి, డిస్కు పైకి ఉండేలా పాత టైరు మీద పెట్టమని అడగండి, పక్కన నిలబడి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు. చక్రం తీయడం, పెట్టడం మీ చేతికి వస్తుంది, టైరు విప్పడం కళ్లకి అలవాటవుతుంది. మొదటిసారి కొత్త టైరు వేసుకునేవాళ్లకి ఇదే నా సలహా. కొత్త టైరు అంచు బిగువుగా ఉంటుంది, నేర్చుకునే పని దానితో మొదలుపెడితే విసుగే మిగులుతుంది.

మూడోది మొత్తం ఇంట్లోనే. దీనికి కావలసినవి: 10-12 అంగుళాల చెంచా ఆకారం లివర్లు మూడు, రిమ్ముకి అడ్డుపెట్టే ప్లాస్టిక్ ముక్కలు, వాల్వు పిన్ను తీసే చిన్న పనిముట్టు, ఇరుసు నట్టుకి సరిపడే పానా, పంపు, గాలి కొలిచే మీటరు, సబ్బు నీళ్లు, పౌడరు. సెంటర్ స్టాండు లేని బండికి కింద పెట్టడానికి చెక్క దుంగ. ఎంత బలంతో బిగించాలో కొలిచి చెప్పే టార్కు పానాకి ఇంకో రెండు మూడు వేలవుతుంది. ఇరుసు నట్టు, బ్రేకు బోల్టుల కోసమైనా అది కొనదగ్గదే.

పని చేసే తీరు చెబుతాను. వెనక చక్రం తీసేటప్పుడు ఇరుసు ఎటు నుంచి వచ్చింది, ఏ వైపు ఏ బుష్షు ఉంది, ఫోన్లో ఫోటో తీసుకోండి. చక్రం బయట ఉన్నంతసేపు బ్రేకు నొక్కకూడదు, ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి డిస్కు మళ్లీ దూరదు. చక్రాన్ని పాత కారు టైరు మీద పడుకోబెట్టండి. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోనివ్వండి, వాల్వు నట్టు విప్పండి, రిమ్ లాకు (టైరు రిమ్ము మీద జారకుండా పట్టే బిగింపు) ఉంటే వదులు చేయండి. టైరు అంచుని రెండు వైపులా చుట్టూ తొక్కి రిమ్ము నుంచి వదిలించాలి.

ఇక్కడ అసలు కిటుకు ఉంది. రిమ్ము మధ్యలో ఒక లోతైన గాడి ఉంటుంది. లివరు పెట్టే చోటుకి సరిగ్గా ఎదుటి వైపు టైరు అంచుని మోకాళ్లతో ఆ గాడిలోకి నొక్కి పట్టుకోవాలి. అప్పుడు ఇటు వైపు ఆ మేరకు వదులు వస్తుంది. సబ్బు నీళ్లు ధారాళంగా పూసి, రెండేసి అంగుళాల చొప్పున లివరు జరుపుకుంటూ వెళ్తే అంచు దానంతటదే బయటికొస్తుంది. లివరు మీద మీ బరువంతా వేయాల్సి వస్తోందంటే ఎదుటి వైపు గాడిలోంచి జారిపోయిందని అర్థం. ఆపి, మళ్లీ తొక్కి, మొదలుపెట్టండి. లివరు పొడుగైతే బలం వస్తుందని రెండడుగుల రాడ్లు కొంటారు కొందరు. దాంతో తెలియకుండానే ఎక్కువ బలం పడి ట్యూబు నలిగేది, రిమ్ము నొక్కుకునేది అక్కడే. పొట్టి లివరు మిమ్మల్ని సరిగ్గా పని చేసేలా చేస్తుంది.

ట్యూబు పెట్టేముందు టైరు లోపల చెయ్యి నెమ్మదిగా తిప్పి చూడండి, గుడ్డ చుట్టుకుని. ముల్లు అక్కడే ఉంటే కొత్త ట్యూబు కూడా ఇంటి గేటు దాటదు. ఈతముల్లు మొన విరిగి రబ్బర్లో దాక్కుంటుంది, బయటి నుంచి కనపడదు. చువ్వల మీద రబ్బరు పట్టీ సరిగా ఉందో చూడండి. ట్యూబుకి పౌడరు రాసి, ఆకారం వచ్చేంత మాత్రమే గాలి కొట్టి లోపల పెట్టండి. అలా చేస్తే మెలిక పడదు. టైరు పక్కనున్న బాణం చక్రం తిరిగే వైపు ఉండాలి. ఎక్కించేటప్పుడు రెండో అంచుని వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. చివరి పట్టు ముందు వాల్వుని లోపలికి తోసి వదలండి, ట్యూబు అంచు కింద ఇరుక్కోకుండా ఉంటుంది. గాలి నిండాక టైరు మీద రిమ్ముకి ఆనుకుని ఉండే గీత చుట్టూ సమానంగా కనిపిస్తే అంచు కూర్చున్నట్టే.

కొత్త టైరుని ఎక్కించే ముందు అరగంట ఎండలో పెట్టండి. రోహిణి ఎండలు మనకి ఇంకెందుకు పనికొస్తాయి?

వాల్వు నట్టు రిమ్ముకి బిగించకండి, పైకి తీసి మూత దగ్గర ఉంచండి. టైరు రిమ్ము మీద జారితే వాల్వు వంకరగా నిలబడి ముందే చెబుతుంది.

ట్యూబు, పంపు ఎంపిక

మామూలు ట్యూబా, మందపాటి హెవీ డ్యూటీ ట్యూబా? గుంతలో టైరు నలిగి ట్యూబుకి పక్కపక్కనే రెండు చీలికలు పడే రకం పంచరుకి మందపాటిది బాగా ఆగుతుంది. టెక్కలి రాళ్లకి అదే మేలు. ఈతముల్లుకి రెండూ ఒకటే. హైవే మీద గంటల తరబడి వెళ్లేవాళ్లకి మందపాటి ట్యూబు వేడెక్కుతుంది, బరువు కూడా. నేనైతే ఎక్కువ మట్టిలో తిరిగే బండికి మందపాటిది, జాతీయ రహదారి 16 మీద విశాఖకి రోజూ వెళ్లొచ్చే బండికి మామూలుది వేస్తాను.

సంచీలో ఒకే ట్యూబు పట్టేట్టయితే 21 అంగుళాలది పెట్టుకోండి. వెనక 18 అంగుళాల టైరులో దాన్ని కాస్త మడిచి పెట్టి ఇంటి వరకు నెమ్మదిగా రావచ్చు. 18ది ముందుకి లాగి పెట్టడం అంత బాగుండదు. పైగా 18ది దార్లో ఏ ఊళ్లోనైనా దొరకొచ్చు, 21ది టౌనులో కూడా ముందే చెప్పి తెప్పించుకోవాల్సి వస్తుంది.

అతుకు వేయడమా, ట్యూబు మార్చడమా అంటే, దారిలో ట్యూబు మార్చండి, ఇంటికొచ్చాక పాతదానికి తీరిగ్గా అతుకు వేసి సంచీలో పెట్టుకోండి. వాల్వు మొదట్లో చిరిగిన ట్యూబుకి అతుకు నిలవదు, పారేయండి.

పంపుల్లో కాలి పంపు ఇంటికి సరిపోతుంది. దారికి బండి బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసరు మంచిది, ఇంజను ఆన్‌లో ఉంచి వాడాలి. గ్యాసు గుళికల పంపు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ గుళిక అయిపోతే మన ఊళ్లో మళ్లీ ఎక్కడ కొంటారు? గాలి ఎంత ఉండాలో మాన్యువల్లో, లేదా చైను కవరు మీద స్టిక్కరులో ఉంటుంది. మట్టిలో కాస్త తగ్గించుకోవచ్చు. ట్యూబు ఉండి రిమ్ లాకు లేని బండికి 20 పీఎస్ఐ దగ్గర ఆగితే మంచిది. 12, 15 దాకా దించేది రిమ్ లాకు ఉన్న పోటీ బళ్లకి. ఇంటికి రోడ్డు మీద వచ్చేముందు మళ్లీ నింపుకోవాలి.

ఇంట్లో పెట్టుకోకూడనివి

ఫోర్కు సీళ్లు, రిమ్ము వంకర, ఇంజను వాల్వుల క్లియరెన్సు. ఫోర్కు సీలుకి ప్రత్యేకమైన సాధనం కావాలి. రిమ్ముకి అనుభవం కావాలి. చువ్వలు వదులయ్యాయో లేదో చూడడం మాత్రం మీ పనే: పానాతో ఒక్కో చువ్వనీ తట్టండి, మంచిది టింగుమంటుంది, వదులుది దబ్బుమంటుంది. ఒకటి రెండు వదులైతే చువ్వల పానాతో పావు చుట్టు బిగించుకోవచ్చు. చాలావాటికి అలా ఉంటే రిమ్ము సాపు చేసే మేస్త్రీ దగ్గరికి. బ్రేకు ఫ్లూయిడ్, డాట్ 4, గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. మన తీరం వైపు ఉక్కపోతకి రెండేళ్లకోసారి మార్చించాలి. గాలి బుడగలు తీయడం చేతకాకపోతే ఇంట్లో వద్దు, బ్రేకుతో ప్రయోగాలేంటి?

ఇక ఎవరికి ఏది. పల్లెలో పెరడు, నీడ, ఆదివారం ఖాళీ ఉన్నవాళ్లు మూడో దారికి వెళ్లండి. పార్కింగులో నూనె చుక్క పడితే వాచ్‌మన్‌తో గొడవయ్యే అపార్టుమెంటు వాళ్లకి మధ్యేమార్గం. శ్రీకాకుళంలో ఉద్యోగం చేసుకుంటూ నెలకోసారి మాత్రమే మట్టి తొక్కేవాళ్లు ఫిల్టరు, చైను, గాలి వరకు చూసుకుని మిగతాదంతా బయట ఇచ్చేసినా తప్పేమీ లేదు. గుంపుగా వెళ్లేవాళ్లైతే లివర్లు, కంప్రెసరు తలా ఒకటి కొనక్కర్లేదు, ఒక సెట్టు నలుగురికీ సరిపోతుంది. మొదటిసారి టైరు విప్పడం ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టండి. ట్యూబు నలిగితే సాయంత్రం లోపు ఇంకోటి కొని తెచ్చుకునే వ్యవధి ఉంటుంది. బిగించాక యాభై కిలోమీటర్లు తిరిగి ఇరుసు నట్టు, చువ్వలు మరోసారి చూడండి.